పాత పెద్దింటికి వైరింగ్ మొత్తం మార్చాలంటే: గాడి కొట్టేముందు కాగితం మీద చేయాల్సిన పని

మెయిన్ ఆపేసి, హాల్లో పాత చెక్క బోర్డు మరలు విప్పి, లోపలి వైరును వేలితో కొంచెం వంచాను. రబ్బరు తొడుగు అప్పడం విరిగినట్టు విరిగి రాలిపోయింది, లోపలి తీగ నల్లగా బయటపడింది. పక్కనే రెండు వైర్లు మెలిపెట్టి బట్ట టేపు చుట్టిన జాయింటు ఒకటి ఉంది. టేపు జిగురు ఎప్పుడో కరిగి కారి మళ్ళీ గట్టిపడిపోయింది, దాని వెనక చెక్క మీద అరచేతి అంత నల్ల మరక. చిన్నప్పుడు మేమంతా ఆడుకున్నది ఆ స్విచ్చులతోనే.

మాది కోనసీమలో తాతగారు కట్టిన మండువా లోగిలి. దానికి వెనకవైపు నాన్నగారు తర్వాత కలిపిన రెండంతస్తుల డాబా ఉంది. రెండూ కలిపి పద్నాలుగు గదులు, ఉండేది అమ్మా నాన్నగారూ, పండగలకి మేమంతా. ఆ బోర్డు చూసిన రోజే మొత్తం వైరింగ్ మార్చేద్దామనుకున్నాం. నేను మొదట చేసిన తప్పేంటంటే, ముగ్గురు ఎలక్ట్రీషియన్లను పిలిచి "ఇల్లంతా మార్చాలి, ఎంతవుతుంది?" అని అడగడం. ముగ్గురూ ఇల్లు ఒక చుట్టు చుట్టి మూడు రేట్లు చెప్పారు, ఏసీలు ఎన్ని పెడతారు, గీజర్లు ఎక్కడ, మోటారు ఎక్కడుంది అని ఒక్కరూ అడగలేదు. వాళ్ళ తప్పు కూడా కాదు, అది మనం రాసివ్వాల్సిన లెక్క. రీవైరింగ్‌లో సగం పని గోడకి ఉలి తగలకముందే కాగితం మీద అయిపోవాలి. ఆ సగం మీరు చేయకపోతే అది ఎలక్ట్రీషియన్ గారి అలవాటు ప్రకారం జరిగిపోతుంది, ఆ తర్వాత ఇరవై ముప్పై ఏళ్ళు మీరు దాంతోనే బతకాలి.

ముందు అసలు మొత్తం మార్చాలా, కొంత సరిచేస్తే చాలా అన్నది తేల్చుకోండి. చెక్క బద్దీల మీద పోయిన పాత రబ్బరు వైరింగ్ అయితే ఆలోచించక్కర్లేదు, మార్చాల్సిందే. అల్యూమినియం వైరు ఉన్నా అంతే, దాని జాయింట్లు కాలం గడిచేకొద్దీ వదులై వేడెక్కుతాయి. పీవీసీ రాగి వైరు అయితే మాత్రం మెగ్గర్ (వైరు తొడుగు ఇంకా పనికొస్తుందో లేదో కొలిచే మీటరు) ఉన్నవాళ్ళ చేత పరీక్ష చేయించండి. 500 వోల్టుల మెగ్గర్ పెట్టి, సామాన్లన్నీ తీసేసి చూస్తే ఇన్సులేషన్ కనీసం 1 మెగాఓమ్ చూపించాలి. మా మండువా భాగంలో అందులో నాలుగో వంతు కూడా రాలేదు. ఇంకో చిన్న పరీక్ష: మూడు రంధ్రాల సాకెట్ ఒకటి విప్పించి, పైనున్న పెద్ద రంధ్రానికి ఆకుపచ్చ ఎర్త్ వైరు (లీకైన కరెంటును భూమిలోకి పంపేది) వచ్చిందో లేదో చూడండి. మా ఇంట్లో ఇరవై రెండు సాకెట్లకి గాను పంతొమ్మిదింటికి అక్కడ ఏమీ లేదు, ఖాళీ. అమ్మ ఎన్నోసార్లు "వాషింగ్ మెషిన్ జిల్లుమంటోందిరా" అంటే, "చెప్పులేసుకుని ముట్టుకో" అన్నామే తప్ప ఆ రంధ్రంలో వైరే లేదని ఎవరమూ చూడలేదు. అది తలుచుకుంటే ఇప్పటికీ కడుపులో దేవినట్టుంటుంది.

ఇక లోడు లెక్క. ఒక నోట్‌బుక్కు, పెన్సిలు, టేపు పట్టుకుని గది గదికీ తిరగండి, ఒక్కరే తిరగొద్దు. ఆ గదిలో పనిచేసే మనిషిని వెంట తీసుకెళ్ళండి. నేను వంటింటి బొమ్మ గీసుకుని గట్టు మీద మూడు సాకెట్లు చాలనుకున్నాను. అమ్మ వచ్చి కిటికీ కింద నేల మీద కూర్చుని చూపించింది, గ్రైండరు పెట్టేది అక్కడట, పిండి రుబ్బేటప్పుడు పెరటి గాలి వస్తుందని. ఇన్నేళ్ళూ ఎక్స్‌టెన్షన్ బాక్సు గుమ్మం దాటించి పెట్టుకుంటోంది. పటంలో ఆ చోట, నేలకి అడుగున్నర ఎత్తులో ఒక సాకెట్ గుర్తు పెట్టాను. మంచం ఏ గోడకి వేస్తారు, నాన్నగారు పేపరు చదివే కుర్చీ ఎక్కడ, రాత్రి బాత్రూమ్‌కి లేచినప్పుడు చెయ్యి ముందు తగిలే గోడ ఏది, మెట్ల దగ్గర పైనా కిందా రెండు చోట్లా ఆపగలిగేలా టూవే స్విచ్ కావాలా, ఇలాంటివి ఆ ఇంట్లో తిరిగే వాళ్ళకే తెలుస్తాయి.

ప్రతి సామాను పక్కనా వాట్లు రాయండి. మా లెక్క ఇలా వచ్చింది: టన్నున్నర ఏసీలు మూడు, ఒక్కోటి 1500 చొప్పున 4500. గీజర్లు మూడు, 2000 చొప్పున 6000. ఇండక్షన్ 2000, వేడినీటి వాషింగ్ మెషిన్ 2000, ఇస్త్రీ పెట్టె 1000, ఒక హెచ్‌పీ మోటారు సుమారు 750, మిక్సీ, ఓవెన్, ఫ్రిజ్ వగైరా 2500, ఫ్యాన్లు పదహారు 75 చొప్పున 1200, దీపాలన్నీ కలిపి 500. మొత్తం 20 కిలోవాట్లు దాటింది. ఇవన్నీ ఒకేసారి నడవవు, ఏసీలు మేలో, గీజర్లు జనవరిలో. ఏ రోజు ఏ గంటకి ఎక్కువ పడుతుందో ఊహించి రాసుకుంటే మాకు 8, 9 కిలోవాట్ల దగ్గర తేలింది. అప్పటిదాకా ఉన్న కనెక్షన్ సింగిల్ ఫేజ్ (స్తంభం నుంచి ఒకే కరెంటు తీగ వచ్చేది, త్రీ ఫేజ్‌లో మూడు వస్తాయి), మంజూరైన లోడు 2 కిలోవాట్లు. కాబట్టి పని మొదలుపెట్టకముందే డిస్కం (కరెంటు పంపిణీ సంస్థ) సెక్షన్ ఆఫీసులో అదనపు లోడుకీ త్రీ ఫేజ్‌కీ దరఖాస్తు పెట్టేయండి. ఆ మంజూరు, కొత్త మీటరు, సర్వీసు వైరు ఇవన్నీ మన చేతిలో లేని రోజులు. ఇల్లంతా కొత్త వైరింగ్ అయి కూర్చుని, స్తంభం నుంచి వచ్చే తీగ మాత్రం పాతదే ఉంటే ఏసీ వేసిన రోజే అది వేడెక్కుతుంది.

త్రీ ఫేజ్ వచ్చాక లోడు మూడింటికీ సమానంగా పంచాలి. ఏసీ ఒక్కోటి ఒక్కో ఫేజ్ మీద, గీజర్లు కూడా అలాగే. పల్లెల్లో ఒక ఫేజ్ పోయి రెండు ఉండటం తరచూ జరుగుతుంది కాబట్టి వంటిల్లు, హాలు, పడగ్గది మూడూ ఒకే ఫేజ్ మీద పడకుండా చూసుకోండి. ఫేజ్ మార్చే స్విచ్ పెట్టించుకుంటే, ఒక ఫేజ్ పోయిందని ఇంటి భారమంతా ఇంకోదాని మీద మోపకండి, దీపాలూ ఫ్యాన్లూ ఫ్రిజ్ వరకే దాన్ని వాడండి.

ఇప్పుడు అసలు పటం. ఒక్కో సర్క్యూట్‌కి ఒక నంబరు, ఒక రంగు పెన్సిలు. దీపాలూ ఫ్యాన్ల సర్క్యూట్‌కి పది పాయింట్లు లేదా 800 వాట్లు మించకూడదన్నది మన దేశంలో వైరింగ్‌కి ఎప్పటినుంచో ఉన్న లెక్క, దాన్నే పట్టుకోండి. ఎల్‌ఈడీలు కదా వాట్లు తక్కువే అని ఇరవై పాయింట్లు ఒకదాని మీద వేసేస్తారు. వాట్లు సరిపోవచ్చు కానీ ఏదో ఒక చోట లోపం వస్తే సగం ఇల్లు చీకటైపోతుంది, ఆ లోపం వెతకడానికి ఒక పూట పోతుంది. ప్రతి ఏసీకీ, ప్రతి గీజరుకీ, మోటారుకీ డీబీ (సర్క్యూట్లన్నీ విడిపోయే పంపిణీ పెట్టె) నుంచి విడి వైరు. వంటింటికి కనీసం రెండు విడి పవర్ సర్క్యూట్లు, ఇండక్షన్ వాడేవాళ్ళకి మూడు. ఒక గదిలో దీపం, ప్లగ్గు ఒకే సర్క్యూట్ మీద ఉండకూడదు, ఇస్త్రీ పెట్టె వల్ల ఎంసీబీ (కరెంటు ఎక్కువైతే దానంతట అదే ఆగే స్విచ్) పడితే కనీసం లైటు వెలుగుతూ ఉండాలి. మాలాంటి పెద్ద ఇంటికి ఒకే డీబీ పెట్టడం కూడా తప్పే, మేం మండువాకొకటి, డాబా కింద ఒకటి, పైన ఒకటి, మొత్తం మూడు పెట్టించాం. ఒక్కో దాంట్లో నాలుగైదు ఖాళీ గడులు ఉంచండి, ఆ చిన్న ఖర్చు దగ్గర వెనకాడకండి.

వైరు మందం గురించి పాత ఎలక్ట్రీషియన్లు ఇప్పటికీ త్రీ ట్వంటీ, సెవెన్ ట్వంటీ అని పాత గేజి లెక్కలో అంటారు. మీరు మాత్రం స్క్వేర్ ఎంఎం లెక్కలోనే రాసివ్వండి, కొట్లో అదే అమ్ముతారు. దీపాలకి 1.5, పదహారు ఆంపియర్ సాకెట్లకి 2.5, ఏసీకీ గీజరుకీ 4. మెయిన్ నుంచి డీబీలకి పోయేది లోడు, దూరం చూసి 6 లేదా 10. ఎంసీబీ ఎంతది పెట్టాలన్నది మాత్రం సామాను చూసి కాదు, వైరును చూసి. 1.5 వైరుకి 10 ఆంపియర్లు, 2.5కి 16, 4కి 20. ఎంసీబీ కాపాడేది గోడలో ఉన్న వైరునే. పదేపదే పడిపోతోందని 16 తీసేసి 32 పెట్టించుకునే ఇళ్ళు నేను చాలా చూశాను. అప్పుడు ఎంసీబీ పడదు, వైరు కాలుతుంది. ఆ మాట ఎవరు చెప్పినా వినకండి.

పెద్ద ఇంట్లో దూరం కూడా లెక్కే. డీబీ నుంచి చివరి గదికి 30 మీటర్లు ఉంటే, పోనూ రానూ వైరు 60 మీటర్లు. 2.5 రాగి వైరు కిలోమీటరుకి దాదాపు 8 ఓమ్‌లు, అంటే ఆ వైరులోనే అర ఓమ్. 13 ఆంపియర్లు లాగితే ఆరు వోల్టులకు పైగా దారిలోనే పోతాయి. వేసవి సాయంత్రం మా ఊళ్ళో వోల్టేజీ ముందే 200 దగ్గర ఉంటే ఆ ఆరు కూడా పోయాక ఫ్రిజ్ కంప్రెసర్ మూలుగుతుంది. దూరం ఎక్కువైన చోట ఒక సైజు పెంచండి, లేదా డీబీనే దగ్గరికి తీసుకెళ్ళండి.

ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే ఆపేసే స్విచ్), ఎర్త్. నేను ఇంత పొడుగ్గా రాయడానికి అసలు కారణం ఈ రెండే. చాలామంది ఎంసీబీ ఉంది కదా, షాక్ కొడితే పడిపోతుంది అనుకుంటారు. పడదు. ఒక గీజరు లోపల ఫేజ్ వైరు బాడీకి తగిలిందనుకుందాం. ఎర్త్ గొయ్యి మంచిగానే ఉండి 5 ఓమ్‌లు చూపిస్తోందనుకుందాం. 230ని 5తో భాగిస్తే 46 ఆంపియర్లు. సి రకం 20 ఆంపియర్ ఎంసీబీ క్షణంలో పడాలంటే 100 నుంచి 200 ఆంపియర్లు కావాలి. 46కి అది వేడెక్కి పడేలోపు కొన్ని సెకన్ల నుంచి నిమిషం దాకా పట్టవచ్చు, ఆ సేపంతా గీజరు బాడీ మీద కరెంటు ఉంటుంది. మనిషి గుండెకి అన్ని సెకన్లు అక్కర్లేదు. అదే 30 మిల్లీ ఆంపియర్ ఆర్‌సీసీబీ అయితే, వెళ్ళిన కరెంటూ తిరిగొచ్చిన కరెంటూ ఎప్పటికప్పుడు పోల్చి చూస్తూ, తేడా 30 మిల్లీ ఆంపియర్లకి చేరేసరికే రెప్పపాటులో కట్ చేసేస్తుంది. 100, 300 మిల్లీ ఆంపియర్లవి కూడా కొట్లో ఉంటాయి, అవి మంటలు రాకుండా చూడటానికి, మనుషులకి కాదు. ఆర్‌సీసీబీ ఓవర్‌లోడుని ఆపదు కాబట్టి ఎంసీబీలు ఎలాగూ ఉండాలి. ఇంటికంతటికీ ఒకటే పెడితే ఎక్కడో ఒక సామాను లీకైతే ఇల్లంతా చీకటి, అందుకని డీబీకి ఒకటైనా పెట్టండి. గీజర్లకీ వంటింటికీ విడిగా ఇంకొకటి ఉంటే ఇంకా మంచిది.

ఆర్‌సీసీబీ పెట్టాలంటే న్యూట్రల్ (కరెంటు తిరిగి వెళ్ళే వైరు) క్రమశిక్షణ కావాలి. మాకు ఇది అనుభవమైంది. డాబా కింది భాగం పూర్తయ్యాక పూజగది లైటు వేసినప్పుడల్లా ఆర్‌సీసీబీ పడిపోయేది, లైటు ఆపితే అంతా బాగానే ఉండేది. రెండు రోజులు ఒకటే టెన్షన్, బల్బు మార్చారు, హోల్డరు మార్చారు, చివరికి ఆర్‌సీసీబీయే చెడ్డదన్నారు. చివరికి తేలిందేంటంటే, ఆ లైటుకి ఫేజ్ డాబా డీబీ నుంచి వచ్చింది, న్యూట్రల్ మాత్రం దగ్గర్లో ఉందని మండువా బాక్సులోంచి కలిపేశారు. వెళ్ళింది ఒక దారి, తిరిగొచ్చింది ఇంకో దారి, దాని లెక్కలో అది లీకేజీయే. ఆర్‌సీసీబీ తన పని తాను సరిగ్గా చేసింది. అందుకని ప్రతి సర్క్యూట్‌కీ దాని ఫేజ్‌తో పాటు దాని న్యూట్రలే డీబీ దాకా రావాలి, దానికీ అదే నంబరు చీటీ కట్టాలి అని ముందే గట్టిగా చెప్పండి. ఇన్వర్టర్ లైను విషయంలోనూ ఇదే గొడవ వస్తుంది. ఇన్వర్టర్ మీద నడిచే దీపాలు, ఫ్యాన్ల న్యూట్రల్ మిగతా వాటితో కలవకూడదు, వాటిని పటంలోనే వేరే రంగులో గీయండి.

ఎర్త్‌కి వద్దాం. గోడకి ఒకటిన్నర మీటరు దూరంలో, తడి ఉండే చోట, రెండున్నర మీటర్ల జీఐ (జింకు పూత ఇనప) పైపు దించి చుట్టూ బొగ్గు, ఉప్పు పొరలుగా వేయడం మనకు తెలిసిన పద్ధతి. కోనసీమలో నేల తడిగానే ఉంటుంది, ఎర్త్ సులువుగా వస్తుంది, కానీ ఉప్పు నేలలో జీఐ తొందరగా తుప్పు పడుతుంది. మేం రాగి పూత రాడ్లు రెండు, మధ్య ఐదు మీటర్ల ఎడం ఇచ్చి, తడిని పట్టి ఉంచే బెంటొనైట్ రకం పొడి వేయించి దించాం. తెలంగాణలో రాతి నేలలున్న చోట ఇంతకంటే కష్టం, అక్కడ ఒక గొయ్యితో సరిపోదు. ఏదైనా సరే, ఎర్త్ టెస్టర్‌తో కొలిపించి 5 ఓమ్‌ల లోపు చూశాకే మూత వేయనివ్వండి. అదీ వేసవిలో మళ్ళీ ఒకసారి కొలవాలి, వానాకాలంలో ఎవరిదైనా బాగానే వస్తుంది. ఆ గొయ్యి నుంచి ఆకుపచ్చ వైరు ప్రతి సాకెట్‌కీ, ప్రతి ఇనప బాక్సుకీ చేరాలి. సాకెట్‌లో న్యూట్రల్ నుంచి చిన్న ముక్క తీసి ఎర్త్ రంధ్రానికి కలిపేసి "ఎర్త్ ఇచ్చేశానండీ" అనేవాళ్ళున్నారు. బయట ఎక్కడైనా న్యూట్రల్ తెగిందంటే ఫ్రిజ్, మెషిన్, గీజరు అన్నిటి బాడీల మీదకీ 230 వోల్టులు వచ్చేస్తాయి. పాత సాకెట్లు విప్పేటప్పుడు ఇలాంటి ముక్కలు కనిపిస్తే ఆ రోజే తీయించేయండి.

కొబ్బరి చెట్ల మధ్య ఉన్న ఇల్లు కాబట్టి పిడుగుల భయం మాకుంది. మెయిన్ దగ్గర సర్జ్ ప్రొటెక్టర్ (ఒక్కసారిగా ఎగసే వోల్టేజీని భూమిలోకి మళ్ళించేది) పెట్టించాం. ఎర్త్ బాగుంటేనే అది పనిచేస్తుంది.

వైరు ఏ దారిన పోవాలన్నది ఇల్లు చెబుతుంది. డాబా భాగంలో ఇటుక, సిమెంటు గోడలు కాబట్టి గాడి కొట్టి పైపులు లోపల పెట్టాం. గాడి నిలువుగా కొట్టాలి, అడ్డంగా బారెడు కొడితే గోడ బలం పోతుంది, పైగా రేపు మేకు కొట్టేవాడికి వైరు ఎక్కడుందో తెలియదు. స్విచ్ బోర్డుకి నేరుగా పైకి, పైన కప్పు కింద నుంచి పక్కకి, ఇదే దారి. మండువాలో మాత్రం గానుగ సున్నం గోడలు, చెక్కిన స్తంభాలు, దూలాలు. ఒక చోట గాడి కొట్టి చూస్తే బెత్తెడు మేర సున్నం పెచ్చు లేచిపోయింది, అక్కడితో ఆపేయించాను. ఆ భాగమంతా పైపులు బయటికే, దూలాల వెనక, గోడ రంగుకి దగ్గరి రంగులో. పక్కన మేస్త్రి "బయటికి కనిపిస్తే బాగోదండీ" అన్నా నేను ఒప్పుకోలేదు, వందేళ్ళ గోడ చెక్కడం కంటే అదే నయం. పైపు 25 మిల్లీమీటర్లది వాడండి, సగం ఖాళీగా ఉండేలా. పైపు మధ్యలో జాయింట్లు ఒక్కటి కూడా వద్దు, జాయింటంటూ ఉంటే మూత తీయగల బాక్సులోనే. ఇంటర్నెట్ వైరుకి వేరే పైపు. ఒక ఖాళీ పైపు డాబా మీదకి సోలార్ కోసం, ఇంకొకటి కారు పెట్టే చోటికి, రెండింట్లోనూ ఒక తీగ లాగి వదిలేయండి. ప్లాస్టరింగ్‌కి ముందు ప్రతి గోడనీ టేపు పెట్టి ఫొటో తీయండి, ఇది మర్చిపోతే మళ్ళీ అవకాశం రాదు.

మనుషులు ఉంటున్న ఇంట్లో పని ఎలా అంటే, భాగాలుగా. మేం ముందు డాబా పైభాగం పూర్తి చేసి అమ్మావాళ్ళని అక్కడికి మార్చి, తర్వాత కిందిది, చివర మండువా చేయించాం. మోటారు, ఫ్రిజ్, ఒక ఫ్యాను, రెండు దీపాలకి తాత్కాలికంగా ఒక చిన్న బోర్డు, దానికీ ఆర్‌సీసీబీ పెట్టే. పాత వైరింగ్‌నీ కొత్తదాన్నీ ఎక్కడా కలపనివ్వకండి, ఒక్క రాత్రికైనా సరే. వర్షాకాలంలో మొదలుపెట్టకండి, గాడులు పూడ్చిన గోడ ఆరదు.

ఇక మాట్లాడుకోవడం. లైసెన్సున్న కాంట్రాక్టరే కావాలి, లోడు పెంచేటప్పుడు ఆయన సంతకంతో టెస్ట్ రిపోర్టు అడుగుతారు. పాయింటు లెక్కన మాట్లాడుకుంటే పాయింటంటే ఏమిటో కాగితం మీద రాసుకోండి. టూవే లైటు ఒకటా రెండా, ఏసీ పాయింటు ఎంత, గాడి కొట్టడం, పూడ్చడం ఎవరిది, పాత వైరు తీసేస్తే వచ్చే రాగి ఎవరిది. గొడవలన్నీ ఇక్కడే వస్తాయి. వైరు మీరే కొనండి, 90 మీటర్ల కాయిల్, ఐఎస్ 694 గుర్తు, బిల్లుతో సహా, ఇంట్లో వాడకానికి పొగ తక్కువ వచ్చే ఎఫ్ఆర్-ఎల్ఎస్‌హెచ్ రకం. ఎరుపు, పసుపు, నీలం ఫేజ్‌లకి, నలుపు న్యూట్రల్‌కి, ఆకుపచ్చ ఎర్త్‌కి. నలుపు అయిపోయిందని ఆకుపచ్చతో కానిచ్చేస్తామంటే పని ఆపి మర్నాడు తెప్పించండి.

చివరి పదో వంతు డబ్బు పరీక్షలయ్యేదాకా ఇవ్వకండి. ప్రతి సర్క్యూట్‌కీ మెగ్గర్ రీడింగ్, ఎర్త్ ఎన్ని ఓమ్‌లు, ఆర్‌సీసీబీ టెస్ట్ బటన్ నొక్కితే పడుతోందా, ప్రతి సాకెట్‌లో ఫేజ్ కుడివైపే ఉందా, ఇవి పక్కన నిలబడి రాయించుకోండి. తర్వాత ఒక్కో ఎంసీబీ ఆపుతూ ఇల్లంతా తిరిగి, పటంలో రాసిన పాయింట్లే ఆగుతున్నాయో లేదో చూడండి. మాకు ఈ తిరుగుడులోనే రెండు తప్పు చీటీలు దొరికాయి. అవి సరిచేయించి, పటం జిరాక్సు ఒకటి ప్రతి డీబీ తలుపు లోపల అంటించాం, అక్షరాలు నాన్నగారు కళ్ళజోడు లేకుండా చదవగలిగేంత పెద్దవి. ఆర్‌సీసీబీ బటన్ నెలకోసారి నొక్కాలని చెబితే, అమ్మ క్యాలెండర్‌లో ప్రతి నెల ఒకటో తేదీ దగ్గర పెన్నుతో చిన్న చుక్క పెట్టుకుంది.